నేను దుబాసీగా ఉన్న వారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో బయటివాళ్ళ భాష వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మా అమ్మానాన్నలది విజయనగరం వైపు. రైలు కొలువు వాళ్ళను రాయపూర్ తెచ్చి పడేసింది. క్వార్టర్ల వరసలో అటు ఇల్లూ ఇటు ఇల్లూ మావాళ్ళే కాబట్టి మా అమ్మకు తెలుగు దాటి అడుగు వేసే అవసరం రాలేదు. మా నాన్నకు వచ్చింది డ్యూటీ హిందీ. గంటలు, నిమిషాలు, జెండాలు, ఆగు, పోనియ్, అంతవరకే. బజారులో తాను నోరు విప్పితే ఆ హిందీ విని కొట్టువాడు ధర పెంచేస్తాడని ఆయనకు గట్టి నమ్మకం. నేను మాత్రం పట్టాల అవతలి పిల్లలతో ఆడి, కొట్టుకుని, వాళ్ళ పెరళ్ళలో జామకాయలు దొంగిలించి తిట్లు తిని, ఆ ఛత్తీస్‌గఢీ మాటను నోట పట్టించుకున్నాను.

పాలవాడు వచ్చినా, కట్టెల బండి వచ్చినా నన్నే కేకేసేవారు. “మా దుబాసీ గుంట” అని మా నాన్న నలుగురిలో చెప్పుకునేవాడు. బడి లేదు, పలక లేదు, నాకున్న గొప్ప అదొక్కటే. అబద్ధమెందుకు, నాకు తెలియని మాటలు బోలెడు ఉండేవి. తెలియదని మాత్రం ఏనాడూ అనలేదు. దగ్గర్లో ఏ తెలుగు మాట దొరికితే అది అతికించేసేదాన్ని. ధోబీ ‘పరసోం’ అంటే ఎల్లుండో మొన్నో నాకు తేలేది కాదు. “రేపంట” అనేదాన్ని. మర్నాడు బట్టలు రాకపోతే అందరూ ఆ ధోబీని తిట్టేవారు. అతను నిజంగా ఎల్లుండి తెచ్చి, అన్నమాట నిలబెట్టుకున్నవాడిలా నవ్వుతూ నిలబడితే ఇంకా తిట్టేవారు. నన్నెవరూ అనుమానించలేదు.

నాకు పదేళ్ళప్పుడు మా నాన్న కంటి పరీక్షలో తప్పాడు. ఆయనది పట్టాలు మార్చే పని. దూరాన దీపం ఎర్రగా ఉందో పచ్చగా ఉందో చెప్పలేని మనిషిని ఆ పనిలో ఉంచరు. ఉంచకూడదు కూడా, ఆయనే ఆ మాట అన్నాడు. చేతికి ఒక్కసారే ఇచ్చే డబ్బు ఇచ్చారు. రెండు వేలకు వంద తక్కువ. అంత డబ్బు మా ఇంట్లోకి అంతకు ముందు రాలేదు, మళ్ళీ వచ్చేదీ లేదు. నెలాఖరుకు క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఊరికి పోదామంటే అక్కడ మాకు నిలువ నీడ లేదు. అద్దెకు ఉంటే ఆ డబ్బు కాస్తా కరిగిపోతుంది, చూపు కరుగుతున్నట్టే. అందుకని ఇల్లు కొనాలన్నాడు మా నాన్న. “తలమీద కప్పుంటే తిండి ఎలాగో సంపాదిస్తాను” అన్నాడు.

తెలీబంధా చెరువు పక్క ఒక ముసలమ్మ ఇల్లు అమ్ముతోందని ఎవరో చెప్పారు. అప్పట్లో అది ఊరి బయట. మేమున్న చోటు నుంచి చాలా దూరం నడవాలి. మా నాన్న ఆ రోజు డబ్బు కాగితాల పని మీద ఆఫీసుకు పోవలసి వచ్చి, ముందు చూసి రమ్మని మా అమ్మను, నన్ను పంపాడు. మట్టి గోడలు, తెల్లమట్టి పూత, పైన నాటు పెంకులు. రెండు గదులు, ఒక వసారా, వెనక కూరపాదుల దొడ్డి, దొడ్లో జామచెట్టు. మా అమ్మ గోడను అరచేత్తో తడిమింది. వసారాలో కూర్చుని చూసింది. వంటగదిలో పొగ ఎటు పోతుందో చూసింది. ఆ ఇంట్లో తన కుండలు ఎక్కడ పెట్టాలో అప్పుడే అనుకుంటోందని నాకు తెలిసిపోయింది.

ఆ ముసలమ్మను అక్కడ అందరూ దాయి అనేవారు, అమ్మ అన్నట్టు. సన్నటి మనిషి. చేతులనిండా పచ్చబొట్లు. ధమ్‌తరీలో ఉన్న కూతురి దగ్గరికి పోతానని ఇల్లు అమ్ముతోంది. నేను అలవాటు కొద్దీ జామచెట్టు కొమ్మ మీద చెయ్యి వేశాను. వంటగదిలో ఉన్న దాయి అక్కణ్ణుంచే “ఏయ్ నోనీ, దింపు చెయ్యి” అని అరిచింది. ఆడపిల్లను వాళ్ళు నోనీ అని పిలుస్తారు. ఆకు కదిలితే వినే చెవులు ఆమెవి.

‘కతకా?’ అని అడిగాను. ఎంత అని. ఆమె చేటలో బియ్యం ఏరుకుంటూ తల ఎత్తకుండా చెప్పింది. “పౌనే దూ హజార్.”

దూ అంటే రెండు, తెలుసు. హజార్ అంటే వెయ్యి, తెలుసు. పౌనే? బజారు నుంచి పావ్ సేరు చింతపండు, పావ్ సేరు నూనె తెచ్చేదాన్ని నేనే. పావ్ అంటే మన పావే. కాబట్టి ఇదీ పావే అయి ఉండాలి. మా అమ్మ నా మొహంలోకి చూస్తూ నిలబడింది. లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది, ఈ మాట నీకు తెలియదు సుమా అని. నోరు ఆగలేదు.

“రెండేలా పావంట” అన్నాను.

“ఓలమ్మో” అని మా అమ్మ వసారా అరుగు మీద కూలబడింది.

వచ్చే గురువారం ధాన్యం మిల్లు మనిషి కూడా చూడ్డానికి వస్తాడని, బస్తాలు వేసుకోవడానికి అడుగుతున్నాడని దాయి చెప్పింది. ఆ మాటలన్నీ నాకు బాగా తెలిసిన మాటలే. వాటిని మాత్రం తప్పు లేకుండా చెప్పాను.

మా నాన్న సాయంత్రం వచ్చి విన్నాడు. వెయ్యిలో పావు రెండు వందల యాభై. రెండు వేల రెండు వందల యాభై. ఉన్నది పంతొమ్మిది వందలు. ఆయన చింతగింజలు తెమ్మన్నాడు. గింజకు వంద చొప్పున నేలమీద పరిచాడు. చివరి యాభై కోసం ఒక గింజను కొరికి సగం చేశాడు. ఆ తరువాత మూడున్నర గింజలు విడిగా జరిపి, అవి మన దగ్గర లేనివి అన్నాడు. ఉన్నవాటిలోంచి ఒకటి తీసి, ఇది పెంకులు నేయించడానికీ కాగితం రాయించడానికీ అన్నాడు. ఇంకొకటి తియ్యబోయి, తిండికి అని, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ వారమంతా మా ఇంట్లో ఇంకో మాట లేదు. ఎంత తగ్గించి అడగాలి?

పక్క క్వార్టరు అప్ప తలుపులో నిలబడి తేల్చేసింది. “సగానికడుగు బావా. ఆళ్ళు సెప్పిందాంట్లో సగం గాలే కదేటి.”

“వంకాయలా ఏటే సగానికడగడానికి?” అన్నాడు మా నాన్న. “మొగమ్మీద తలుపేసీసిందనుకో. మళ్ళీ ఏ మొగమెట్టుకుని ఎల్తాం? మిల్లోడు కాసుక్కూకున్నాడు.”

“అయితే ఉన్నదంతా పెట్టీ మావా” అంది మా అమ్మ. మా నాన్న ఆమెకు మేనమామ, పెళ్ళయినా ఆ పిలుపు మారలేదు. “నా కడియాలు అమ్మీద్దాం. వందొస్తాది.”

“అంతా పెట్టీసి గోడలు నాకుదామేటి?”

ఇలా ఉండేది. తక్కువ అడిగితే ఇల్లు పోతుంది, ఎక్కువ అడిగితే తిండి పోతుంది. మా నాన్న ఒక గింజ ఇటు జరిపేవాడు, ఇంకో గింజ అటు జరిపేవాడు, మళ్ళీ మొదటికి తెచ్చేవాడు. కంటి జబ్బు మనిషి కదా, గింజలకు మరీ దగ్గరగా వంగి చూసేవాడు. వాళ్ళు ‘రెండేలా పావు’ అన్నప్పుడల్లా నేను లేచి నీళ్ళ కుండ దగ్గరికి పోయేదాన్ని. అది నా నోటిలోంచి వచ్చిన మాట. దాని మీద వాళ్ళు ఇల్లు కడుతున్నారు, కూలుస్తున్నారు.

అడగడానికి మనుషులు లేకపోలేదు. పట్టాల అవతల నాతో ఆడే పిల్ల ఒకతి ఉండేది. పౌనే అంటే ఏమిటే అని అడగాలని రెండు సార్లు దాని దగ్గరికి పోయాను. మొదటిసారి అది వాళ్ళమ్మతో ఉంది. రెండోసారి ఒక్కతే ఉంది. నోరు తెరిచి, “తొక్కుడుబిళ్ళ ఆడదామా” అన్నాను. ఇన్నాళ్ళూ దాని దగ్గర దాని భాషే దానికంటే బాగా వచ్చినట్టు కోతలు కోసినదాన్ని, ఎలా అడుగుతాను? ఆడుతూ ఉన్నానే గానీ బిళ్ళ ఎక్కడ పడుతోందో కనపడలేదు. తప్పయి ఉండదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. పావ్ పావే కదా.

మంగళవారానికి మా నాన్న తేల్చుకున్నాడు. పద్ధెనిమిది వందలు. చెప్పిన దాంట్లో అయిదింట ఒక వంతు తగ్గించినట్టు, మరీ అవమానంగా ఉండదు. ఒప్పుకోకపోతే ఇంకొక వంద, కడియాలు కలుపుకుని ఇంకొక వంద. అంతకు మించితే దండం పెట్టి వచ్చెయ్యడమే. ఆ సంఖ్య నా చేత వాళ్ళ భాషలో అనిపించాడు. అఠారా సౌ. “నవ్వకు. తొందరపడకు. సెప్పీసి నోర్ముయ్యి. ఆవిడ మాటాడే దాకా మాటాడకు” అన్నాడు. ఎన్నిసార్లు అనిపించాడో, పెదాలు వాటంతట అవే కదిలేవి.

బుధవారం పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. మా అమ్మ కాళ్ళకు కడియాలు లేవు. గుడ్డలో చుట్టి రొంటిన పెట్టుకుంది, బేరం అంతదాకా వస్తే అక్కణ్ణుంచి నేరుగా షరాబు దగ్గరికి పోదామని. పెళ్ళినాటి నుంచి తియ్యనివి. అవి ఉన్న చోట కాలి మీద తెల్లటి చారలు. దారంతా నేను ఆ చారలు చూస్తూ నడిచాను. కొత్త చోటు కాబట్టి మా నాన్న నా భుజం పట్టుకుని నడిచాడు. ఆ చెయ్యి చెమటతో తడిగా ఉంది.

దాయి వసారాలో చాప వేసింది. మా నాన్న ఇల్లంతా తిరిగి చూశాడు, చూడగలిగినంత. గోడ కొట్టి చూశాడు, దూలం తట్టి చూశాడు. వచ్చి కూర్చుని నాకేసి తల ఊపాడు.

“అఠారా సౌ” అన్నాను.

బియ్యం ఏరుతున్న దాయి చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తి మా నాన్నను చూసింది. తరువాత మా అమ్మను చూసింది, కాళ్ళ దాకా. తరువాత నన్ను. చాలాసేపు నన్నే చూసింది.

“మోలా నఇ సునాయ్” అంది. నాకు వినపడలేదు. “ఫేర్ కహ.” మళ్ళీ చెప్పు.

గట్టిగా చెప్పాను. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఇంకా గట్టిగా చెప్పాను. పక్కింటి కోళ్ళు కూడా బెదిరాయి. ఆమెకు వినపడలేదట.

“ముసిల్దానికి సెవుడేటే?” అన్నాడు మా నాన్న.

జామకొమ్మ కదిలితే లోపల్నుంచి విన్న మనిషి. చెవుడు లేదు. ఇంకేదో ఉంది.

పొయ్యి మీద చీలా మాడిపోతోంది, నోనీ వచ్చి ఒక చెయ్యి వెయ్యాలి అని దాయి లేచింది. నేను మా నాన్నకు ఆ ముక్క చెప్పి ఆమె వెనక వంటగదిలోకి పోయాను. చీలా అంటే మన అట్టే, బియ్యప్పిండితో పోస్తారు. పొయ్యి మీద ఏదీ మాడటం లేదు. పోసిన చీలాలు గిన్నెలో చల్లగా ఉన్నాయి.

ఆమె నా ముందు గొంతుక్కూర్చుంది. మొన్న నేనెంత చెప్పాను అని అడిగింది. ఆమె భాషలోనే నెమ్మదిగా, కసురుకోకుండా.

“పౌనే దూ హజార్” అన్నాను.

అంటే ఎంత అంది.

నేను నేలకేసి చూశాను.

దాయి ఒక పళ్ళెం తీసి అందులో రెండు చీలాలు వేసింది. ‘ఏ దూ’ అంది. ఇవి రెండు. అందులో ఒకదాన్ని నాలుగు ముక్కలు చేసింది. ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. నములుతూనే పళ్ళెం నా ముందుకు తోసింది. ‘ఏ పౌనే దూ.’

పళ్ళెంలో ఒక చీలా ఉంది, మూడు ముక్కలున్నాయి. నేను ఎన్నిసార్లు చూసినా అంతే ఉన్నాయి. పావు పైన చేరలేదు. కిందికి పోయింది. పావు తక్కువ రెండు. ఆమె అడిగింది పదిహేడు వందల యాభై. మేము వారం రోజులు చింతగింజలు జరిపి, గుండెలు చిక్కబట్టుకుని, తగ్గించి అడగడానికి వచ్చి, ఆమె అడిగినదానికంటే యాభై రూపాయలు ఎక్కువ ఇస్తామన్నాం.

ఆ మనిషి దేవత కాదు. చెట్టు మీద కాయలు లెక్కపెట్టుకునే రకం. ఆ యాభై రూపాయలు ఆమెకూ పనికొచ్చేవే. నోరు మూసుకుని తల ఊపి ఉంటే చాలు, అవి ఆమెవి. ఎందుకు ఊపలేదో నేను ఇన్నేళ్ళలో ఎన్నో కారణాలు అనుకున్నాను, ఏదీ గట్టిగా చెప్పలేను.

నువ్వే మా నాన్నకు చెప్పు దాయీ అని బతిమాలాను. ఆమె తల అడ్డంగా ఊపింది. మాట మోసుకొచ్చింది నువ్వు, నువ్వే మార్చుకో అంది. ఇందాకటి పద్ధెనిమిది వందల మాట నేను వినలేదు, నాకు చెవుడు కదా అంది. ఒక ముక్క నా చేతిలో పెట్టి తినమంది. నోట్లో పెట్టుకుని లేచాను.

వంటగది గడప దాటేలోపు నాకు ఒక ఉపాయం తట్టింది. ఎంత మంచి ఉపాయమో చూడండి. ‘దాయి తగ్గించింది నాన్నా, పదిహేడు వందల యాభైకి ఇస్తానంటోంది’ అని చెప్తే చాలు. ఆయన ఎగిరి గంతేస్తాడు. బేరం కుదిర్చిన గొప్ప కూడా నాదే. ఇటువాళ్ళకు అటు భాష రాదు, అటు మనిషికి ఇటు భాష రాదు. మధ్యలో ఉన్నది నేను. ఏమన్నా అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అనలేదు. అది మంచితనం అనుకుంటే పొరపాటు. దాయి నా వెనకే వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. తెలుగు రాకపోయినా నా వీపు చూసి అబద్ధం పట్టేస్తుందని భయమేసింది. అంతే.

“నాన్నా, ఇలా రా” అని దొడ్లోకి పిలిచాను. “దాయి రెండేలా పావు అన్లేదు. పౌనే దూ అంది. నాకు పౌనే అంటే తెల్దు.”

ఆ మాటను ఆయన నోట్లో మెల్లగా తిప్పుకున్నాడు.

“పౌనేనా?”

“ఊఁ.”

“పౌనే నౌ బజే అంటే తొమ్మిదికి పావు తక్కువ. ఇరవయ్యేళ్ళు ఆ గంటకే డ్యూటీ ఎక్కేన్నే నేను. నిద్దట్లో లేపి అడిగినా సెప్తాను.” అన్నాడు. “ఇంట్లో నా పక్కన కూకున్నావు వారం రోజులు. నన్నడిగితే సరిపోను కదే గుంటా.”

ఆయన కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు. చెట్టు మొదట్లో కూర్చున్నాడు. ఆ వారం రోజుల లెక్కంతా, జరిపిన గింజలన్నీ ఆయన మొహంలో ఒక్కొక్కటే పోతున్నట్టు అనిపించింది. తరువాత మా అమ్మను పిలిచి గుడ్డ విప్పమన్నాడు. కడియాలు నా చేతిలో పెట్టి, “మీయమ్మ కాళ్ళకి తొడుగు” అన్నాడు. నేను కిందకూర్చుని తొడిగాను. ఒక కడియం రెండు సార్లు జారింది.

“ఏటైంది మావా? తగ్గించిందేటి?” అంది మా అమ్మ.

“ఆవిడ తగ్గించలేదు. మనమే పెంచీసేం” అన్నాడు మా నాన్న, జరిగింది చెప్పాడు. మా అమ్మ నన్ను ఒక్క మొట్టికాయ వేసింది. నొప్పిగానే వేసింది. ప్రాణం కుదుటపడింది.

అయితే కష్టం అక్కడితో తీరలేదు, అప్పుడే మొదలయింది. ఇప్పుడు ఎంత తగ్గించి అడగాలి? మా అమ్మ పైసా తగ్గించొద్దంది. అంత ధర్మంగా ఉన్న మనిషితో బేరమాడితే కళ్ళు పోతాయంది. కళ్ళు పోతున్న మనిషితోనే ఆ మాట అన్నానని అన్నాక తెలిసి నాలుక కరుచుకుంది. మా నాన్న చాలాసేపు ఆలోచించాడు. ఇంతకు ముందు ఆ మనిషి ఎంత మోసం చేస్తుందోనన్న భయంతో తగ్గించాడు. ఇప్పుడు ఆ భయం లేదు. భయం లేకుండా తగ్గించడం ఇంకా కష్టంగా ఉన్నట్టుంది.

చివరికి, “ఆవిడ ధర్మం ఆవిడ సేసింది. బేరం బేరమే. ఏటీ తగ్గించకండా ఇచ్చీస్తే, జాలిపడి ఇచ్చినట్టు ఆవిడకీ బాగోదు. పదహారు అడుగుదాం” అన్నాడు.

నేను ఆయన మాట్లాడతాడనుకుని వెనక నిలబడ్డాను. ఇంక నన్ను నమ్మరని, ఈ రోజుతో నా దుబాసీ కొలువు ఊడిందని అప్పటికే ఏడుపు మింగుతున్నాను. ఆయన చెయ్యి చాచి నా భుజం వెతుక్కున్నాడు.

“పద. నువ్వే సెప్పాల. నా పక్కన కూకో. తెలీని మాటొస్తే నా సెయ్యి గిల్లు. గట్టిగా గిల్లు.”

వసారాలో మళ్ళీ కూర్చున్నాం. నేను “సోలా సౌ” అన్నాను. పదహారు వందలు. గొంతులోంచి సగం మాటే వచ్చింది, దోమ రొదలాగా.

దాయికి చక్కగా వినపడింది. “నఇ!” అని చేట నేలకేసి కొట్టి, ఇల్లు కట్టినప్పుడు తాను మట్టి తొక్కిన సంగతి, దూలాలు బండి మీద తెచ్చిన సంగతి, మిల్లు మనిషి సంగతి గడగడా చదివింది. చివర్లో “సాఢే సత్తరా సౌ” అంది. సత్తరా పదిహేడు. సాఢే? నేను గిల్లాను. మా నాన్న ఉలిక్కిపడి, “సాఢే అంటే పైన సగం. పదిహేడున్నర వందలు. మొదట సెప్పిందే ఇంకోలా సెప్తంది ముసిల్ది” అని గొణిగాడు. ఆయన మొహంలో ఆ వారంలో మొదటిసారి ఏదో కదిలింది. నవ్వు అనలేను గానీ దాని చుట్టం.

అక్కణ్ణుంచి ఎండ వసారాలోకి వచ్చేదాకా సాగింది. మా నాన్న పది పెంచేవాడు, దాయి అయిదు దించేది. ఒకసారి లేచి పోబోయాం, ఒకసారి ఆమె లేచి లోపలికి పోయింది. తిరగలి వదిలి వెళ్ళమని మా అమ్మ నా చేత అడిగించింది. అది నాతో వచ్చింది, నాతోనే పోతుంది అని దాయి దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. నేను మొత్తం నాలుగు సార్లు గిల్లాను. పదిహేడు వందల దగ్గర ఇద్దరూ అలిసిపోయారు. మా నాన్న అయిదు రూపాయలు బయానా ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఆ కాగితం ఎండకు పట్టుకుని చూసి కొంగున కట్టుకుంది. నాకు ఒక జామకాయ కోసి ఇచ్చింది. ఒక్కటే.

నెలాఖరుకు ముందే ఆ ఇంట్లోకి మారాం. మిగిలిన రెండు వందలతో పెంకులు నేయించి, మా నాన్నకు బియ్యం కొట్టులో కాపలా పని దొరికేదాకా తిన్నాం. మా అమ్మ ఆ ఇంట్లోనే పోయింది, ఆ తరువాత మా నాన్న కూడా. చివరి రోజుల్లో ఆయనకు చూపు పూర్తిగా లేదు గానీ గోడ ఎక్కడుందో, గడప ఎక్కడుందో చేతికి తెలుసు. దాయి ధమ్‌తరీ పోయాక మళ్ళీ కనపడలేదు.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. పెద్దవాళ్ళ బడిలో నాతో కూర్చున్న ఆడవాళ్ళు చాలామంది అర్థమైనట్టు తల ఊపి, రెండు నెలల్లో మానేశారు. నాకు తల ఊపడం చేతకాలేదు. పక్కన కూర్చున్న పిల్ల చెయ్యి గిల్లి ఇదేమిటని అడిగేదాన్ని. అది పలికి చూపించేది, నేను పలికేదాన్ని. అలా గిల్లి గిల్లి నేర్చుకున్న అక్షరాలతోనే ఇదంతా రాస్తున్నాను.

ఇప్పటికీ డాక్టరు నాకు తెలియని మాట అన్నా, బ్యాంకులో ఎవరైనా గబగబా ఏదో చెప్పి సంతకం పెట్టమన్నా, నా వేళ్ళు వాటంతట అవే పక్కనున్నవాళ్ళ చేతి మీదికి పోతాయి. పక్కన ఉండేది ఎక్కువగా మా మనవరాలు. చెయ్యి కమిలిపోతోంది నానమ్మా, నలుగురిలో పరువు పోతోంది అని దాని గోల. కమిలితే కమిలింది, ముందు ఆ మాటకు అర్థమేమిటో చెప్పమంటాను.